ఇరవై ఐదేండ్ల సంతకము



చీకటి పడగానే మన వీధి చివర స్తంభము మీద దీపము వెలుగుతుంది. ఆ వెలుగులో ట్యూషను నుండి వచ్చే పిల్లలు ఇల్లు చేరుకుంటారు. ఆఖరి బస్సు దిగిన అక్కచెల్లెండ్లు ధైర్యముగా నడిచి వస్తారు. మన ఇంటి కరెంటు బిల్లు వచ్చినప్పుడు రీడింగు సరిగా ఉన్నదా లేదా అని ఒకటికి రెండుసార్లు చూచుకొనే మనము, ఆ వీధి దీపము బిల్లు ఎవరు కడుతున్నారని ఎన్నడైనా అడిగామా?

పల్లె అయితే గ్రామ పంచాయతీ, పట్టణమైతే మునిసిపాలిటీ ఆ బిల్లు కట్టవలెను. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు బిల్లు కూడ ఆ పద్దులోనిదే. ఆ పద్దులో ఉన్న డబ్బు ఎవరిది? మనము కట్టిన ఇంటి పన్ను, నీటి పన్ను, వాటికి తోడు ప్రభుత్వము ఇచ్చిన నిధులు. అనగా తిరిగి తిరిగి అది మనదే. ఇంటి పెద్ద ఇంటి డబ్బుకు గృహనిర్వాహకుడైనట్లు, సర్పంచి గాని చైర్మను గాని ఊరి డబ్బుకు గృహనిర్వాహకులు. వారు లెక్క అప్పజెప్పవలసినవారు. మనము లెక్క అడుగవలసినవారము.

బొగ్గు కాల్చి పుట్టించే కరెంటు బదులు, గాలి నుండి ఎండ నుండి పుట్టే కరెంటును స్థానిక సంస్థలే ముందుకు వచ్చి కొనుక్కొనవలెనని ఈ రోజులలో చాలా దేశములలో వినబడుతున్నది. వినుటకు మంచి మాట. పొగ తగ్గుతుంది, బూడిద తగ్గుతుంది. అయితే మంచి మాట అంతటితో మంచి బేరమైపోదు. మేము ఇంజనీరులము కాము. కాని ఇంటి పద్దు చూచుకొనే వారెవరికైనా అర్థమయ్యే సంగతులు ఇందులో కొన్ని ఉన్నవి. వాటి కొరకు ఈ నెల రెండు ఊళ్ల కథ చెబుతాము. ఒకటి మన పొరుగు రాష్ట్రమైన తమిళనాడులోని పల్లె. రెండవది అమెరికాలో టెక్సాసు రాష్ట్రములోని పట్టణము. రెండూ మంచి ఉద్దేశ్యముతోనే బయలుదేరినవి. రెంటికీ అవసరమునకు మించి కరెంటు చేతికి వచ్చినది. ఒక ఊరికి ఆ మిగులు ఆదాయమైనది. రెండవ ఊరికి అదే మిగులు నష్టమైనది. ఎందుకు?

ఓడంతురై గాలిమర

కోయంబత్తూరు జిల్లాలో, మేట్టుపాళయము దగ్గర, నీలగిరి కొండల అడుగున ఓడంతురై అనే పంచాయతీ ఉన్నది. 1996 నుండి 2006 వరకు ఆర్. షణ్ముగము దాని అధ్యక్షులు. ఆయన కాలములో ఊరికి తాగునీటి పథకము వచ్చినది, వీధి దీపములు పెరిగినవి. సౌకర్యము పెరిగితే బిల్లు కూడ పెరుగుతుంది గదా! మోటార్ల కరెంటు బిల్లు పంచాయతీని భయపెట్టినది.

వారు ఒక్కసారిగా పెద్ద పనికి పూనుకొనలేదు. మొదట చిన్నవి చేసి చూచినారు. కొన్ని వీధి దీపములను సౌరశక్తితో వెలిగించినారు. చెక్క ముక్కలతో నడిచే 9 కిలోవాట్ల గ్యాసిఫయరు పెట్టి నీళ్ల మోటారు తిప్పినారు. ఏది ఎంత ఖర్చు, ఎంత మిగులు అని అనుభవము మీద నేర్చుకున్నారు. ఆ తరువాతనే 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు. ధర 1 కోటి 55 లక్షల రూపాయలు. అందులో 40 లక్షలు పంచాయతీ కూడబెట్టుకున్న సొమ్ము. మిగిలిన 1 కోటి 15 లక్షలు బ్యాంకు ఋణము.

ఇక్కడ రెండు సంగతులు గమనించవలెను.

మొదటిది, ఆ గాలిమర ఓడంతురైలో లేదు. కేరళ నుండి పాలక్కాడు కనుమ గుండా గాలి దూసుకొని వచ్చే ఉడుమలపేట ప్రాంతములో దానిని నిలిపినారు. మరి అక్కడ పుట్టిన కరెంటు ఇక్కడి దీపమునకు ఎట్లు వస్తుంది? బ్యాంకు ఖాతా వంటి ఏర్పాటు ఇది. ఒక ఊరి శాఖలో మనము జమ చేసిన డబ్బును మరొక ఊరి శాఖలో తీసుకుంటాము. అవే నోట్లు మన చేతికి రావు, లెక్క మాత్రము వస్తుంది. అదే విధముగా గాలిమర తన కరెంటును విద్యుత్ బోర్డు తీగలలో జమ చేస్తుంది. ఊరు తన మీటరు దగ్గర వాడుకుంటుంది. బోర్డు తన తీగలు వాడుకున్నందుకు కొంత రుసుము తీసుకొని లెక్క సరిచూస్తుంది.

రెండవది, 350 కిలోవాట్లు అనగా రోజంతా అంత వస్తుందని కాదు. ఏడాది పొడవునా రాత్రింబవళ్లు పూర్తి బలముతో తిరిగితే ఆ మర 30 లక్షల 66 వేల యూనిట్లు ఇవ్వవలెను. నిజముగా లెక్కకు వచ్చినది ఏడాదికి సుమారు 6 లక్షల 75 వేల యూనిట్లు. పావు వంతు కూడ లేదు. ఇది మోసము కాదు, గాలి స్వభావము. గాలి బాగా వీచేది నైరుతి ఋతుపవనాల నెలలలోనే; మిగతా కాలము మర నెమ్మదిస్తుంది. కనుక గాలిమర గాని సౌర ఫలకములు గాని అమ్మవచ్చినవారు, "ఇన్ని కిలోవాట్లు" అని చెప్పినప్పుడు, "ఏడాదికి ఎన్ని యూనిట్లు?" అని అడుగుట తెలివిగలవారి పని.

ఓడంతురై అవసరము ఏడాదికి సుమారు 4 లక్షల 50 వేల యూనిట్లు. మిగిలిన రెండు లక్షల పైచిలుకు యూనిట్లను బోర్డు కొనుక్కున్నది. ఆ ధర ఏ పూటకు ఆ పూట మారేది కాదు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందే నిర్ణయించినది. కనుక ఎంత వస్తుందో, ఎన్నేండ్లకు అప్పు తీరుతుందో పంచాయతీ వారు ముందుగానే కాగితము మీద వేసుకొనగలిగారు. ఈ మాట జ్ఞాపకముంచుకొనండి. రెండవ కథలో దీని విలువ తెలుస్తుంది.

జార్జ్‌టౌను ఒప్పందములు

టెక్సాసు రాజధాని ఆస్టినుకు ఉత్తరముగా దాదాపు 45 కిలోమీటర్ల దూరములో జార్జ్‌టౌను ఉన్నది. ఆస్టిను చుట్టుపక్కల మన తెలుగు కుటుంబములు చాలా స్థిరపడి ఉన్నవి గనుక ఆ పేరు కొందరు పాఠకులకు తెలిసియుండవచ్చు. మన దగ్గర ఇంటింటికి కరెంటు ఇచ్చేది రాష్ట్రపు పంపిణీ సంస్థ. అక్కడ అలా కాదు. జార్జ్‌టౌనులో పట్టణ పాలక సంస్థ తానే కరెంటు కొని, తానే తీగలు వేసి, తానే ఇండ్లకు ఇచ్చి బిల్లు వసూలు చేస్తుంది. కనుక ఎవరి దగ్గర కొనవలెననే నిర్ణయము కూడ దానిదే.

ఆ పట్టణములో మెథడిస్టు సంఘముతో సంబంధమున్న సౌత్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము ఉన్నది. తమకు గాలి కరెంటే కావలెనని వారు కోరగా, 2010లో పట్టణము వారితో 18 సంవత్సరముల ఒప్పందము చేసుకున్నది. అది తొలి అడుగు. 2012లో పట్టణము తన పాత సరఫరా సంస్థ నుండి విడిపోయి, కొత్త కరెంటు వెదకసాగినది.

పర్యావరణము మీద ప్రేమతోనే వారు గాలి, ఎండల వైపు చూచినారని మనము అనుకుంటాము. అసలు కారణము పొదుపు. గ్యాసు ధర నేడు ఒకటి, రేపు ఒకటి. గాలికి, ఎండకు ధర లేదు. ఒకసారి కేంద్రము కట్టిన తరువాత ఇంధనము కొనే పని లేదు గనుక, ఆ కంపెనీలు ఇరవై, ఇరవై ఐదు సంవత్సరములకు ఒకే ధర చెప్పగలవు. పైగా 2011లో టెక్సాసును భయంకరమైన కరువు పీడించినది. బొగ్గు కేంద్రములకు నీరు విస్తారముగా కావలెను, గాలిమరలకు అక్కరలేదు. పశ్చిమ టెక్సాసు గాలిని తూర్పు పట్టణములకు చేర్చే పెద్ద తీగల పథకము సుమారు 700 కోట్ల డాలర్లతో ఆ కాలములోనే పూర్తయినది. అన్నీ కలిసి వచ్చినట్లు కనబడినవి.

పట్టణము రెండు పెద్ద ఒప్పందములు చేసుకున్నది. ఒకటి అమరిల్లో దగ్గరి గాలిమరల నుండి 144 మెగావాట్లు, 2035 వరకు. రెండవది పశ్చిమ టెక్సాసులో కట్టబోయే సౌర కేంద్రము నుండి 150 మెగావాట్లు, 25 సంవత్సరములకు. ఈ రెండవ దానిని 2015లో ప్రకటించినారు. అప్పటి మేయరు డేల్ రాస్, వృత్తిరీత్యా లెక్కలు తనిఖీ చేసే అకౌంటెంటు. రిపబ్లికను పార్టీవాడు. చమురుకు పేరుపొందిన రాష్ట్రములో ఒక పట్టణము నూటికి నూరుపాళ్లు గాలి, ఎండల కరెంటుకు మారుతున్నదనగా లోకమంతా ఆశ్చర్యపడినది. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ 2017లో వచ్చిన తన చలనచిత్రములో ఆ ఊరిని చూపించినాడు.

మేయరు లెక్కలవాడే. ఉద్దేశ్యము పొదుపే. అయినను లెక్క ఎక్కడ తప్పినది?

మిగులు నష్టమైన తీరు

పట్టణము వేగముగా పెరుగుతున్నది. అమెరికాలో అతి వేగముగా పెరిగే పట్టణములలో అది ఒకటి. కనుక ఆ నాటి అవసరము కంటె చాలా ఎక్కువ కరెంటుకు ఒప్పుకున్నారు. పెరిగే ఇండ్లు దానిని వాడుకుంటవి, అంతవరకు మిగులును బజారులో అమ్ముకొనవచ్చునని తలంచినారు. పెండ్లికి వచ్చే బంధువులు ఎందరో తెలియక రెండింతలు వండించి, మిగిలితే అమ్ముదములే అనుకున్నట్లు.

టెక్సాసు కరెంటు బజారులో ధర కొద్ది నిమిషములకొకసారి మారుతుంది. గ్యాసు ధరలు పెరుగుననుకున్నారు, అవి పడిపోయినవి. గ్యాసు చౌకైతే కరెంటు బజారు ధర కూడ దిగుతుంది. దానికి తోడు ఇంకొక చిక్కు ఉన్నది. పశ్చిమ టెక్సాసులో గాలి వీచినప్పుడు జార్జ్‌టౌను కొన్న మరలే కాదు, ఆ ప్రాంతములోని మరలన్నీ తిరుగుతవి. అందరూ ఒకేసారి సంతకు అదే కూరగాయ తెచ్చిన రోజున ధర ఏమవుతుంది? మన టమాటా రైతును అడిగితే చెబుతాడు. కొన్ని రాత్రులలో ఆ బజారు ధర సున్నకు, సున్న కంటె కిందికి కూడ దిగిన సందర్భములు ఉన్నవి. ఎండ దిగిపోయి, జనులు ఇండ్లకు వచ్చి ఏసీలు వేసుకొనే వేళ కరెంటు తక్కువైతే, అప్పుడు బజారులో ప్రియమైన ధరకు కొనవలెను.

ఇక్కడ "నూటికి నూరు" అనే మాటకు అర్థము కూడ తెలుసుకొనవలెను. ఏడాది మొత్తము మీద ఊరు వాడినంత కరెంటును గాలి, ఎండల నుండి కొన్నారని దాని భావము. ప్రతి గంటా ఊరి దీపము గాలితోనో ఎండతోనో వెలిగినదని కాదు. ఏటి లెక్క సరిపోయినను గంట గంట లెక్క సరిపోదు. డబ్బు పోయేది ఆ గంటల సందులలోనే.

సౌర కేంద్రము 2018లో పని ప్రారంభించినది. ఆ సంవత్సరపు లెక్కలు చూచుకొనగా, కరెంటు కొనుగోలుకు వేసుకున్న అంచనా కంటె సుమారు 68 లక్షల డాలర్లు ఎక్కువ ఖర్చయినవి. 2019 ఫిబ్రవరిలో బిల్లులు పెంచినారు. సగటు ఇంటికి నెలకు 12 డాలర్ల 82 సెంట్లు అదనముగా పడినది. ఆనాటి మారకపు విలువలో సుమారు 900 రూపాయలు. జీతగాండ్ల ఇంటిలో అది పెద్ద మొత్తము కాకపోవచ్చు. ఒంటరిగా పింఛను మీద బ్రదుకుతున్న వృద్ధురాలికి అది నెలలో కొన్ని రోజుల సరుకులు. పొదుపు కొరకు చేసిన సంతకము ఆమె బిల్లును పెంచినది.

ఇక్కడ న్యాయముగా ఒక మాట చెప్పవలెను. కొందరు దీనిని పట్టుకొని "చూచితిరా, గాలి ఎండల కరెంటు పనికిరాదు" అన్నారు. అది సరికాదు. గాలిమరలు తిరిగినవి, సౌర ఫలకములు పనిచేసినవి, ఒప్పుకున్న ధర మారలేదు. తప్పినది అవసరపు అంచనా, మిగులు అమ్మకపు అంచనా. ఇరవై ఐదేండ్ల ఒప్పందమును ఒక్క ఏటి లెక్కతో తీర్పు తీర్చుట కూడ తొందరపాటే. 2022లో ఉక్రెయిను యుద్ధకాలమున గ్యాసు ధరలు ఎంతగా ఎగబాకినవో మనమందరము చూచితిమి. అటువంటి ఏట స్థిరమైన ధర చేతిలో ఉన్నవాడు ఊపిరి పీల్చుకుంటాడు. ధర దిగినప్పుడు అదే స్థిరమైన ధర బరువనిపిస్తుంది. స్థిరత్వమునకు కూడ ఒక వెల ఉన్నదని ముందే ప్రజలకు చెప్పవలసియున్నది.

తేడా ఎక్కడ?

రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడండి. పల్లె మొదట చిన్న ప్రయోగములు చేసినది; పట్టణము పెద్ద అంగ వేసినది. పల్లె తన సొమ్ము కొంత కూడబెట్టుకొని, మిగిలినదానికి అప్పు చేసినది. పట్టణము రాబోయే జనాభాను నమ్ముకున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, పల్లె మిగులును ముందే నిర్ణయమైన ధరకు కొనేవాడున్నాడు. పట్టణపు మిగులు బజారు దయ మీద ఆధారపడినది. గాలి ఒకటే. కాగితము మీది షరతులే వేరు.

మన పంచాయతీ పాలకవర్గము ఐదేండ్లకు మారుతుంది. ఇటువంటి ఒప్పందము ఇరవై, ఇరవై ఐదేండ్లు ఉంటుంది. సంతకము చేసినవారు దిగిపోతారు, సంతకము దిగదు. ఈనాడు అంగన్‌వాడీలో అక్షరములు దిద్దుకొనే బిడ్డ, పెండ్లియై స్వంత ఇంటి పన్ను కట్టే నాటికి కూడ ఆ కాగితము అమలులోనే ఉంటుంది. కూతురి పెండ్లికో ఇంటి స్లాబుకో అప్పు పత్రము మీద సంతకము పెట్టేముందు ఇంటివారందరితో ఆలోచించే తండ్రివలె, ఊరి పెద్దలు ఊరితో ఆలోచించవలెను.

మన ఊళ్లకు ఏమి వీలున్నది?

2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము పెద్ద వాడకందారులు పంపిణీ సంస్థ తీగల మీదుగా వేరే ఉత్పత్తిదారుని నుండి కరెంటు తెచ్చుకొనే వీలు ఏర్పడినది. 2022లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన హరిత విద్యుత్ నియమములు, గాలి, ఎండ వంటి వాటి విషయములో ఈ వీలుకు కావలసిన పరిమాణమును 1 మెగావాటు నుండి 100 కిలోవాట్లకు తగ్గించినవి. ఒకే విద్యుత్ డివిజనులో ఒకే వాడకందారునికి ఉన్న పలు కనెక్షన్లను కలిపి లెక్కించుటకు 2023లో అవకాశమిచ్చినారు. పట్టణములలో నీటి పంపులు, వీధి దీపములు కలిపితే ఈ పరిమాణము అందవచ్చును. చిన్న పంచాయతీకి అందకపోవచ్చును. అటువంటి ఊరు మొదట పాత బల్బులు తీసి ఎల్.ఇ.డి. దీపములు వేయుట, పగలు వెలిగే వీధి దీపములకు స్విచ్చి పెట్టుట, కారే పైపులు బాగుచేసి మోటారు తిరిగే గంటలు తగ్గించుట, పంచాయతీ కార్యాలయము కప్పు మీద సౌర ఫలకములు వేయుట మేలు. వాడని యూనిటు కంటె చౌకైన యూనిటు లేదు.

ఎవరైనా వచ్చి "యూనిటు ఇంత చౌక" అని కాగితము చూపినప్పుడు గ్రామ సభలో గాని వార్డులో గాని అడుగవలసిన ప్రశ్నలు ఇవి:

1. ఆ ధర కరెంటు పుట్టిన చోట ధరయా, మన మీటరు దగ్గర ధరయా? తీగల రుసుము, దారిలో తరుగు, సర్‌చార్జీ కలిపితే ఎంత?

2. ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తవి? ఏ నెలలలో ఎక్కువ, ఏ నెలలలో తక్కువ?

3. మన దీపములు వెలిగేది రాత్రి. ఎండ ఉండేది పగలు. పగటి కరెంటును రాత్రికి జమ చేసుకొనే ఏర్పాటున్నదా? ఉంటే ఎంత కాలము, ఎంత రుసుముకు?

4. మనము వాడకపోయినను డబ్బు కట్టవలెనా? మిగిలితే ఎవరు కొంటారు, ఏ ధరకు? ఆ ధర వ్రాతపూర్వకముగా ఉన్నదా?

5. కంపెనీ మధ్యలో చేతులెత్తేస్తే మన గతి ఏమి? జార్జ్‌టౌను మొదట సౌర ఒప్పందము చేసుకున్న సన్ ఎడిసన్ కంపెనీ మరుసటి ఏడు, 2016లో, దివాలా తీసినది. కేంద్రము వేరొకరి చేతిలో పూర్తయినది.

ఈ ప్రశ్నలు వేసేవారిని అడ్డుపుల్ల వేసేవారని అనుకొనవద్దు. మంచి పని నిలబడవలెనని కోరేవారే ఇవి అడుగుతారు. ఓడంతురై వంటి పల్లె చేయగలిగినది మన పల్లెలు చేయలేవని మేము అనుకొనము. గాలి మనకూ వీచుచున్నది, ఎండకు కొదువ లేనే లేదు. కావలసినది ఓర్పుతో వేసిన లెక్క, నలుగురిలో చదివి వినిపించిన కాగితము.

ఈసారి గ్రామ సభ జరిగినప్పుడు దయచేసి వెళ్లండి. మన ఊరి వీధి దీపములకు, నీటి మోటారుకు గత ఏడాది కరెంటు ఖర్చెంత అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ అంకె తెలియకుండా గాలిమర మాటగాని సౌర ఫలకము మాటగాని మొదలుపెట్టినచో, దీపము కొన్నాము గాని నూనె ఎన్నాళ్లకు వస్తుందో చూడలేదన్నట్లే. తెలుసుకున్న అంకెను ఇంటికి వచ్చి పిల్లలతో కూడ చెప్పండి. ఇరవై ఐదేండ్ల తరువాత ఆ బిల్లు కట్టవలసినవారు వారే గదా.

వచ్చే నెల మరల కలుసుకొందము.